నాన్‌ఫిక్షన్ మాత్రమే చదివేవాళ్లు ఫాంటసీ ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ మధ్య చదివిన పుస్తకాల మీద నా అభిప్రాయాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పదేళ్లుగా నాన్‌ఫిక్షన్ తప్ప వేరే ఏదీ చదవలేదు. స్నేహితుడు పట్టుబట్టి 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి భాగం చేతిలో పెట్టాడు. వంద పేజీలు చదివి ఆపేశారు. పేర్లు గుర్తుండటం లేదు. దానికి తోడు "ఇదంతా కల్పితమే కదా, చదివితే నాకు తెలిసేదేముంది" అన్న సందేహం వదలడం లేదు. రెండు రకాలూ చదివేవాళ్లు ఈ మధ్య ఏం చదివారు, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. సుసానా క్లార్క్ 'పిరనేసి'తో మొదలుపెట్టండి. దాని పక్కనే సిద్ధార్థ ముఖర్జీ 'ద ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్' పెట్టుకోండి. ఒకటి ఫాంటసీ, ఒకటి నాన్‌ఫిక్షన్. రెండూ కలిపి చదివితే మీ సందేహానికి సగం జవాబు మీకే దొరుకుతుంది. మీరు ఆపేసిన పుస్తకం సంగతి చివర్లో చెబుతాను. దాన్ని అప్పుడే స్నేహితుడికి తిరిగి ఇచ్చేయకండి.

ఇప్పుడు ఎందుకో చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా చదివిన ప్రతి పుస్తకానికీ నోట్‌బుక్‌లో ఒక పేజీ రాసుకుంటున్నాను. కొన్నేళ్లుగా ఒక చిన్న చదువరుల బృందాన్ని కూడా నడుపుతున్నాను. ఆ నోట్‌బుక్‌లో పేజీ పైన ఒక ప్రశ్న రాసుకుని కింద జవాబు వెతకడం అలవాటు. నాన్‌ఫిక్షన్ అయితే "ఈ సంగతి వీళ్లకు ఎలా తెలిసింది?" ఫాంటసీ అయితే "ఈ మాయకు మూల్యం ఎవరు చెల్లించారు?" మొదట్లో ఇవి రెండూ వేర్వేరు ప్రశ్నలనుకునేవాణ్ణి. పోనుపోను రెండూ ఒకటేనని తెలిసింది. రచయిత తాను ఒప్పుకున్న నియమానికి కట్టుబడ్డాడా లేదా అన్నదే అసలు పరీక్ష. చరిత్ర రాసేవాళ్లు ఆధారానికి కట్టుబడాలి. మాయాలోకం కట్టేవాళ్లు ఆ లోకపు ధర్మానికి కట్టుబడాలి. ఈ పని సరిగ్గా చేసిన పుస్తకం ఏ అరలో ఉన్నా మనకు ఏదో ఒకటి నేర్పిస్తుంది. చెయ్యని పుస్తకం ఎన్ని గణాంకాలు చూపించినా నమ్మబుద్ధి కాదు.

'పిరనేసి' 2020లో వచ్చింది. 2021లో బ్రిటన్‌లో విమెన్స్ ప్రైజ్ గెలుచుకుంది. చిన్న పుస్తకం, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. అంతులేని గదులున్న ఒక భవనం. గోడల నిండా విగ్రహాలు. కింది అంతస్తుల్లో సముద్రం, పై అంతస్తుల్లో మబ్బులు. అందులో ఉండే మనిషి చెప్పే కథ ఇది. అతను మాంత్రికుడు కాడు, వీరుడు కాడు. రోజూ డైరీ రాస్తాడు. ఏ గదిలోకి ఏ పోటు ఎప్పుడు వస్తుందో లెక్క కడతాడు. విగ్రహాల జాబితా తయారు చేస్తాడు. తన డైరీలకు విషయసూచిక కూడా రాసుకుంటాడు. ఆ లోకంలో ఇప్పటిదాకా బతికిన మనుషులు 15 మంది అని తేలుస్తాడు. తాను, వారానికి రెండుసార్లు కలిసే మరొకాయన, మిగిలిన 13 మంది ఎముకల రూపంలో. ఇంతకంటే కథ చెప్పను. మీరు కూడా వెనక అట్ట మీద రాసింది చదవకండి.

నాన్‌ఫిక్షన్ చదివేవాళ్లకు దీన్నే ఎందుకు ఇస్తానంటే, ఇది చదువుతుంటే ఒక పరిశోధకుడి క్షేత్రపరిశీలన చదువుతున్నట్టే ఉంటుంది. ఇందులో ఒక చోట భవనంలోకి ఆల్బట్రాస్ పక్షుల జంట వస్తుంది. గూడు కట్టుకోవడానికి వాటికి పొడి సరుకు దొరకదు. ఇతను చలికాలంలో మంట వేసుకోవడానికి ఎండబెట్టి దాచుకున్న సముద్రపు నాచు ఉంటుంది. అది ఇచ్చేస్తే తాను ఎన్నాళ్లు చలికి వణకాల్సి వస్తుందో అంచనా వేసుకుంటాడు. లోకంలోకి ఒక కొత్త ఆల్బట్రాస్ రావడం ముందు కొన్నాళ్ల చలి ఏపాటిది అనుకుని ఇచ్చేస్తాడు. ఆ ఏడాదికి ఆల్బట్రాస్ వచ్చిన సంవత్సరమనే పేరు పెట్టుకుంటాడు. నా నోట్‌బుక్‌లో "మూల్యం ఎవరు చెల్లించారు" అన్న ప్రశ్న కింద ఇంత చక్కటి జవాబు వేరే ఏ పుస్తకానికీ రాసుకోలేదు. దయ అంటే ఏమిటో చెప్పడానికి ఇంత నాచు, ఇన్ని రోజులు అన్నట్టు లెక్క వేసి చూపించిన రచయిత్రి ఆమె.

మీరు కల్పితం అంటున్నది ఇదే. ఆ భవనం లేదు, ఆ పక్షులు అక్కడికి రాలేదు. కానీ తనకు అవసరమైనది ఎంతో కచ్చితంగా తెలిసి కూడా ఇచ్చేసే మనసు ఎలా పనిచేస్తుందన్నది ఆ పేజీలో ఉంది. దాన్ని సర్వేల్లో పట్టుకోవడం కష్టం.

ఇక ముఖర్జీ పుస్తకం. 2010లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ అందుకుంది. క్యాన్సర్ చరిత్ర. ఆయన స్వయంగా క్యాన్సర్ వైద్యుడు. ఇందులో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే భాగం ఒకటుంది. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు ఇచ్చి చూశాడు. ఆ మందులు తెలుగువాడైన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చినవే. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది కొన్ని నెలలే నిలబడింది. కానీ అప్పటిదాకా ఈ జబ్బు మందుకు లొంగడమన్నదే ఎవరూ ఎరగరు. ముఖర్జీ ఆ గెలుపునీ ఓటమినీ ఒకే పేరాలో పెట్టి చెబుతాడు. దేన్నీ పెంచడు, దేన్నీ తగ్గించడు.

అసలు మీకు చూపించాలనుకున్నది ఆ పుస్తకం చివరి పేజీల్లో ఉంది. పర్షియా రాణి అటోసా రొమ్ములో గడ్డ వచ్చిందని, ఒక గ్రీకు వైద్యుడు దాన్ని నయం చేశాడని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ముఖర్జీ ఆ రాణిని పట్టుకుని కాలంలో ముందుకీ వెనక్కీ నడిపిస్తాడు. అదే గడ్డతో ఆమె ప్రాచీన ఈజిప్టుకు వెళితే వైద్యుడు చికిత్స లేదంటాడు. ప్రాచీన రోమ్‌లోని వైద్యుడు గాలెన్ దగ్గరికి వెళితే ఒంట్లో నల్లపిత్తం ఎక్కువైందంటాడు. 19వ శతాబ్దం చివరికి వస్తే హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు కూడా కోసేస్తాడు. 1990ల నాటికి జన్యుపరీక్ష చేస్తారు. ప్రతి మజిలీలో ఆమె ఆయుష్షు ఎంత పెరిగి ఉండేదో ఆయన అంచనా వేస్తాడు. ఆ తర్వాత ఒక్కసారి తిప్పి అడుగుతాడు: అదే రాణికి ముదిరిన పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చి ఉంటే? 2500 ఏళ్లలో ఆమెకు కలిసొచ్చేది బహుశా కొన్ని నెలలే.

చూశారా, ఇది కాలప్రయాణం. అచ్చమైన ఫాంటసీ పనిముట్టు. వైద్యచరిత్ర మొత్తాన్ని నాలుగు పేజీల్లో ఒక మనిషి ఒంటి మీద చూపించాలంటే ఆయనకు వేరే దారి దొరకలేదు. అయినా అది ఊహ అని మనకు చెప్పే చేశాడు. అందుకే నమ్మకం చెడలేదు.

ఒక జాగ్రత్త. ఇంట్లో ఎవరైనా ఈ చికిత్సలో ఉంటే ఇప్పుడు ఈ పుస్తకం మొదలుపెట్టకండి. మా బృందంలో ఒకావిడ తల్లిని పోగొట్టుకున్న ఆరు నెలలకే దీన్ని చదవబోయి, పిల్లల వార్డు దగ్గర ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత మళ్లీ తీసి పూర్తి చేసింది. అప్పుడు ఆమెకు కోపం తగ్గిందట. "అమ్మకు ఇచ్చిన మందు ఎన్ని చేతులు మారి వచ్చిందో ఇప్పుడు తెలిసింది" అంది. పుస్తకం మంచిదైనంత మాత్రాన ఎప్పుడు పడితే అప్పుడు చదవాలని లేదు.

ఈ ఏడాది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది మాత్రం ఒక తల్లి, ఒక కూతురు రాసిన రెండు పుస్తకాలు. ఒకటి థియొడోరా క్రోబర్ రాసిన 'ఇషి ఇన్ టూ వరల్డ్స్', 1961. రెండోది ఆమె కూతురు ఉర్సులా లెగ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', 1968. ఫాంటసీ పుస్తకాన్ని చాలా ఏళ్ల కిందటే చదివాను. తల్లి రాసింది ఈ మధ్యే చదివి, వెంటనే కూతురిది మళ్లీ తీశాను.

1911లో కాలిఫోర్నియాలోని ఓరొవిల్ ఊరి దగ్గర ఒక కబేళా ఆవరణలో ఆకలితో చిక్కిపోయిన ఒక మనిషి దొరికాడు. యాహి అనే తెగలో చివరివాడు. వెతికి వెతికి చంపినవాళ్ల చేతుల్లో, దాక్కున్న ఏళ్లలో మిగతావాళ్లంతా పోయారు. ఆంత్రపాలజిస్టు ఆల్ఫ్రెడ్ క్రోబర్ ఆయన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యూజియానికి రప్పించాడు. పేరు అడిగితే చెప్పలేదు. ఆ తెగలో తన పేరు తాను పరాయివాళ్లకు చెప్పుకోకూడదు, తనవాళ్లలో ఇంకొకరు పరిచయం చెయ్యాలి. పరిచయం చెయ్యడానికి ఎవరూ మిగల్లేదు. ఏదో ఒకటి పిలవాలి కాబట్టి క్రోబర్ ఆయన్ని 'ఇషి' అన్నాడు. వాళ్ల భాషలో 'మనిషి' అని అర్థం. 1916లో క్షయతో చనిపోయేదాకా ఆయన ఆ పేరుతోనే ఉన్నాడు. అసలు పేరు ఆయనతోనే పోయింది.

థియొడోరా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. భర్త జ్ఞాపకాలు, మ్యూజియం రికార్డులు, అప్పటి వాళ్ల రాతలు పట్టుకుని దాదాపు యాభై ఏళ్ల తర్వాత రాసింది. నా ప్రశ్న, "ఎలా తెలిసింది?" అన్నది, ఈ పుస్తకం మీద చాలా బరువుగా పడుతుంది. కొన్ని చోట్ల ఆమె ఇషి మనసులో ఏముందో ఊహిస్తుంది. ఆ చోట్ల నేను పెన్సిల్‌తో గీతలు పెట్టాను. ఇషి బాణాలు చెక్కడం, నిప్పు రాజెయ్యడం లాంటివి మాత్రం చూసినవాళ్లు రాసిపెట్టినవే, అక్కడ ఆమె రాత గట్టిగా నిలబడుతుంది. ఇంకొకటి కూడా తెలుసుకుని చదవాలి. ఆయన చనిపోయాక మెదడును వేరుచేసి స్మిత్‌సోనియన్ సంస్థకు పంపించారు. 2000లో గానీ అది దగ్గరి తెగల వారసుల చేతికి రాలేదు. ఆ సంగతి తెలిశాక, మ్యూజియంలో ఆయన సంతోషంగా గడిపాడని రాసిన పేజీలు మునుపటిలా చదవలేం.

ఇప్పుడు కూతురి పుస్తకం తెరవండి. ఎర్త్‌సీ ద్వీపాల్లో ప్రతివాళ్లకూ రెండు పేర్లు. అందరూ పిలిచేది ఒకటి, అసలు పేరు ఒకటి. అసలు పేరు ప్రాణంతో సమానం. దాన్ని ఇంకొకరికి చెప్పడమంటే నమ్మి ప్రాణం చేతిలో పెట్టడమే. కథానాయకుడు గెడ్ అనే కుర్రాడు. రాగి రంగు ఒళ్లు, మేకలు కాసుకునే ఊరు. మాయలు నేర్పే బడికి వెళతాడు. అక్కడ ఒక గురువు గులకరాయిని వజ్రంలా చూపిస్తాడు. అది వజ్రంగానే ఉండిపోవాలంటే ఏం చెయ్యాలని గెడ్ అడుగుతాడు. గురువు చెప్పే జవాబు సారాంశం ఇది: వజ్రంలా కనిపించేలా చెయ్యడం తేలిక. నిజంగా మార్చాలంటే దాని అసలు పేరు మార్చాలి, ఆ పని చేస్తే లోకాన్నే మార్చినట్టు. ఏం జరుగుతుందో తెలియకుండా ఒక్క గులకరాయిని కూడా ముట్టుకోకూడదు. రాయి కూడా మంచి వస్తువే.

గెడ్ వినడు. తోటి కుర్రాడితో పంతానికి పోయి చనిపోయినవాళ్లను పిలుస్తాడు. అప్పుడు తెరుచుకున్న చీలికలోంచి ఒక నీడ కూడా లోపలికి వస్తుంది. ఆ చీలిక మూయడానికి బడి పెద్దాయన తన శక్తంతా ధారపోసి చనిపోతాడు. గెడ్ ముఖం మీద మచ్చలు జీవితాంతం ఉంటాయి. మూల్యం ఎవరు చెల్లించారో చూశారా? తప్పు చేసినవాడికంటే ముందు, తప్పు సరిదిద్దినవాడు.

తల్లి రాసిన నిజమైన మనిషికి పేరు పలికేవాళ్లు లేరు. కూతురు రాసిన కల్పితలోకంలో పేరు పలకడం కంటే పెద్ద నమ్మకం లేదు. రెండూ వరసగా చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మీరు ఫాంటసీతో ఏం తెలుస్తుందని అడిగారు. ఒక మనిషి పేరు పోవడమంటే ఎంత పోవడమో నాకు నాన్‌ఫిక్షన్ సమాచారంగా చెప్పింది, ఫాంటసీ దాన్ని గుండెలో దించింది. నాకు రెండూ కావాలి.

అలాగని నాన్‌ఫిక్షన్‌ను గుడ్డిగా నమ్మవద్దని కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో "అది నిజం, ఇది కల్పితం" అన్న గీత చాలా గట్టిగా ఉంది. డేనియల్ కానెమన్ 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' 2011 నాటిది. మనసు తొందరపడి ఎలా తప్పటడుగులు వేస్తుందో చెప్పే గొప్ప పుస్తకం. అందులో ప్రైమింగ్ మీద, అంటే ముందు కనబడిన మాట మనకు తెలియకుండానే తర్వాతి పనిని మార్చడం మీద, ఒక అధ్యాయం ఉంది. ముసలితనాన్ని గుర్తుచేసే మాటలు చదివినవాళ్లు తర్వాత నెమ్మదిగా నడిచారట, అలాంటి ప్రయోగాలు. వీటిని నమ్మకపోవడానికి వీల్లేదన్నంత ధీమాగా రాశాడాయన. ఆ తర్వాత ఆ ప్రయోగాల్లో కొన్నిటిని మళ్లీ చేస్తే అదే ఫలితం రాలేదు. మరీ తక్కువ మందితో చేసిన అధ్యయనాలను అతిగా నమ్మానని 2017లో ఆయనే ఒప్పుకున్నాడు.

నేను ఆ అధ్యాయాన్ని ఒక కాలేజీలో పిల్లల ముందు ఉత్సాహంగా చెప్పి వచ్చాను. ఈ సంగతి తెలిశాక చాలా బాధపడ్డాను. మళ్లీ వెళ్లి, ఆ రోజు చెప్పింది నిలబడలేదని చెప్పి వచ్చాను. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆశ్చర్యం కలిగించే సంగతి కనబడితే ముందుగా ఆ పుస్తకం వెనక ఇచ్చిన నోట్స్ తెరిచి, ఎంతమంది మీద చేశారో, ఇంకెవరైనా మళ్లీ చేశారో చూస్తాను. ఎంత ఆశ్చర్యంగా ఉంటే అంత ఎక్కువ ఆధారం అడగాలి. ఆ పుస్తకం ఇప్పటికీ చదవమనే చెబుతాను, ఆ అధ్యాయం పక్కన గుర్తు పెట్టుకుని.

దీనికి ఎదురుగా నిలిచేది జాన్ క్రాకవర్ 'ఇన్‌టు థిన్ ఎయిర్', 1997. 1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్టు మీద తుఫానులో 8 మంది చనిపోయారు. విలేకరిగా వెళ్లిన క్రాకవర్ ఆ రోజు ఎక్కిన బృందాల్లో ఒకదానిలో ఉన్నాడు. ఆయన ముందు ఒక పత్రికకు వ్యాసం రాశాడు. అందులో, చనిపోయిన ఒక గైడ్‌ను తాను క్యాంపు దరిదాపుల్లో చూశానని, మాట్లాడానని రాశాడు. తీరా విచారిస్తే ఆ మంచులో తాను మాట్లాడింది వేరే మనిషితో. ఆ గైడ్ అసలు కిందికే రాలేదు. దాదాపు 8,000 మీటర్ల ఎత్తున ఆక్సిజన్ చాలని బుర్ర ముఖాలనే తారుమారు చేసింది. ఆ తప్పుడు కబురు అప్పటికే ఆ గైడ్ ఇంటివాళ్లకు చేరింది. క్రాకవర్ ఇదంతా పుస్తకంలో దాచకుండా రాశాడు. ఆ పేజీలు చదివాకే మిగతా పుస్తకం మీద నాకు నమ్మకం కుదిరింది. అయినా ఆయన విమర్శించిన మరో గైడ్ బౌక్రీవ్ తన వైపు కథను 'ద క్లైంబ్'గా చెప్పుకున్నాడు. ఆక్సిజన్ లేకుండా ఎక్కి, ముందే దిగిపోయాడని ఆయన మీద విమర్శ. అదే మనిషి ఆ రాత్రి తుఫానులోకి ఒంటరిగా వెళ్లి ముగ్గురిని తీసుకొచ్చాడు. రెండూ చదవండి. ఒక్క పుస్తకంతో తీర్పు చెప్పెయ్యకండి.

రేచల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' గురించి కూడా ఒక్క మాట. 1962లో పురుగుమందుల మీద వచ్చిన ఈ పుస్తకం లోకం తీరునే మార్చింది. 1972లో అమెరికాలో డీడీటీ వాడకాన్ని చాలావరకు నిషేధించారు. ఇంతటి పుస్తకమూ మొదలయ్యేది "ఒకానొక ఊళ్లో" అన్న ధోరణిలో ఒక కట్టుకథతో. పక్షులు కూయని వసంతం. అలాంటి ఊరు ఏదీ లేదని, కానీ ఇందులో జరిగిన ప్రతి కీడూ ఎక్కడో ఒకచోట జరిగిందేనని ఆ కథ చివరే ఆమె చెప్పేస్తుంది.

తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. సుసానా క్లార్క్ మొదటి నవల 'జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నారెల్', 2004. నెపోలియన్ కాలపు ఇంగ్లండులో ఇద్దరు మాంత్రికుల కథ. పేజీల అడుగున దాదాపు 200 ఫుట్‌నోట్లు. లేని పుస్తకాలు, లేని పండితుల వాదాలు, లేని రాజుల చరిత్ర. మా బృందంలోని ఒక అకౌంటెంటుకు ఇస్తే ఆయన ఫుట్‌నోట్‌లో కనబడిన పుస్తకం కోసం ఒక సాయంత్రమంతా వెతికాడు. లేదని తెలిశాక కోపం రాలేదాయనకు. "లెక్కలన్నీ సరిపోయాయి, అందుకే నమ్మాను" అన్నాడు. ఫాంటసీ మీద ఇంత మంచి సమీక్ష నేను రాయలేదు. ఇది మాత్రం లావుపాటి పుస్తకం, మొదట్లో నెమ్మది. మీరు మూడో నాలుగో పుస్తకంగా పెట్టుకోండి.

నచ్చనివి క్లుప్తంగా చెబుతాను. ఒక్క ఆలోచనను పట్టుకుని, ఒక్కో అధ్యాయానికి ఒక్కో విజయగాథ తగిలించి 300 పేజీలు సాగదీసే పుస్తకాలు ఈ ఏడాది మూడు చదివాను. ఒక వ్యాసంతో అయిపోయే సరుకు. ఓడిపోయినవాళ్లు కూడా అదే పద్ధతి పాటించారేమో అని వాటిలో ఒక్కటీ అడగలేదు. ఫాంటసీలో అయితే, కష్టం ముంచుకొచ్చిన ప్రతిసారీ కథానాయకుడికి అప్పటిదాకా లేని శక్తి పుట్టుకొచ్చే సిరీస్ ఒకటి రెండో భాగంలోనే వదిలేశాను. ఖర్చు లేని మాయకు విలువ ఉండదు. ఇంకో హెచ్చరిక, పూర్తికాని సిరీస్‌ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' మొదటి భాగం 1996లో, ఐదోది 2011లో వచ్చాయి. ఆరోదాని కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. రాత గొప్పదే, కానీ కొత్తగా వచ్చేవాళ్లకు ముందు ఒక ముగింపు చూసిన తృప్తి కావాలి.

పేర్లు గుర్తుండటం లేదన్నారు కదా. నాన్‌ఫిక్షన్ అలవాటు దీనికి కొంత కారణం. ప్రతి పేరూ ముఖ్యమే, తర్వాత పరీక్షలో అడుగుతారేమో అన్నట్టు చదువుతాం. ఫాంటసీలో అలా టెన్షన్ పడక్కర్లేదు. మనకు కావలసిన పేరును కథే మళ్లీ మళ్లీ తెస్తుంది. చిన్నప్పుడు చందమామ సీరియల్ చదివేటప్పుడు ఏ రాజు ఏ రాజ్యమో రాసి పెట్టుకున్నామా? పుస్తకంలో ఒక కాగితం పెట్టుకోండి, రెండోసారి కనబడిన పేరే రాయండి. పదిహేను పేర్లు దాటవు. వెనకుండే పదకోశాలు, వంశవృక్షాలు ముందే చూడకండి. మ్యాప్ మాత్రం చూడండి.

ఇంకొకటి, చదివే తీరు. నాన్‌ఫిక్షన్‌ను రోజుకు ఒక అధ్యాయం చొప్పున చదవొచ్చు, మధ్యలో గ్యాప్ వచ్చినా నష్టం లేదు. ఫాంటసీని నిద్రకు ముందు పది నిమిషాలు చదివితే ఆ లోకంలోకి దిగేలోపే కళ్లు మూతపడతాయి. మొదటి 50 పేజీలు ఒకే కూర్చోవడంలో చదవండి. సెలవు రోజు పెట్టుకోండి. నా అనుభవంలో సగం మంది ఆగిపోయేది పుస్తకం నచ్చక కాదు, ముక్కలు ముక్కలుగా చదవడం వల్ల.

ఇప్పుడు మీరు ఆపేసిన పుస్తకం. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954, 55 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వచ్చింది. టోల్కీన్ ప్రాచీన ఆంగ్ల భాషకు ఆచార్యుడు, మొదటి ప్రపంచయుద్ధంలో సోమ్ దగ్గర పోరాడినవాడు. భాషల పట్ల ఆ ప్రేమ, ఆ యుద్ధం మిగిల్చిన దుఃఖం, రెండూ పుస్తకంలో ఉన్నాయి. వంద పేజీల దగ్గర ఆపేశానన్నారంటే ప్రయాణం ఇంకా ఊపందుకోలేదు. ముందుమాటగా హాబిట్లనే పొట్టి మనుషుల గురించి వచ్చే పేజీలు మీరు కష్టపడి చదివి ఉంటారు, అవి వదిలేసినా ఏం కాదు.

'పిరనేసి', 'ఎర్త్‌సీ' అయ్యాక దీన్ని మళ్లీ తీసి రెండో అధ్యాయం ఒక్కటి మళ్లీ చదవండి. అందులో ఫ్రోడో అనే హాబిట్, గాండాల్ఫ్ అనే మాంత్రికుడు పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు. గొల్లమ్ అనే నీచుణ్ణి చంపే అవకాశం వచ్చినప్పుడు తన బంధువు బిల్బో ఎందుకు వదిలేశాడు, చంపేసి ఉంటే బాగుండేది కదా అంటాడు ఫ్రోడో. చావు పంచిపెట్టడానికి తొందరపడవద్దని, గొల్లమ్ చెయ్యాల్సిన పని ఇంకా ఏదో మిగిలి ఉందేమోనని అంటాడు గాండాల్ఫ్. మూడో భాగం చివర అగ్నిపర్వతం అంచున జరిగేదంతా ఈ రెండు నిమిషాల మాటల మీదే నిలబడుతుంది. ఆ జాలికి మూల్యం ఎంత, చెల్లించింది ఎవరు అన్నది మనసులో ఉంచుకుని ముందుకు వెళ్లండి. బ్రీ అనే ఊళ్లో సత్రం వస్తుంది, అక్కడ మూల కూర్చున్న ఒక బక్కపలచటి బాటసారి వీళ్లను గమనిస్తుంటాడు. అతను ఎవరో తెలుసుకోవాలని అక్కడ కూడా అనిపించకపోతే, మొహమాటపడకుండా పుస్తకం మీ స్నేహితుడికి తిరిగి ఇచ్చెయ్యండి.